పాత్ర నోటి నుంచి కథకుడి నోటికి: ఇప్పటి తెలుగు రచనల్లో ఇన్ని ప్రాంతాల భాష ఎందుకు?

క్లుప్తంగా: తెలుగు కథలో, కవితలో ప్రాంతాల పలుకు ఎప్పటి నుంచో ఉంది. కానీ చాలాకాలం అది పాత్రల సంభాషణలకే పరిమితమైంది. గత నలభై ఏళ్లలో అది కథ చెప్పే గొంతులోకే వచ్చింది. రాసేవాళ్లు మారడం, అచ్చుకు ముందు రచనను దిద్దే చేతులు తగ్గడం, తెలంగాణ ఉద్యమం దీనికి ముఖ్య కారణాలు. దీనివల్ల తెలుగు ముక్కలైపోతుందన్న భయానికి ఆధారం తక్కువ. పాఠకుడి మీద పని పెరిగిన మాట మాత్రం నిజం.

కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం తెలుగులో 2021లో తగుళ్ల గోపాల్ కవితా సంపుటి ‘దండకడియం’కు, 2022లో పల్లిపట్టు నాగరాజు కవితా సంపుటి ‘యాలై పూడ్సింది’కి, 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం ‘ఢావ్లో’కు వచ్చాయి. 2021లోనే ప్రధాన పురస్కారం గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’కు దక్కింది. ఈ పేర్లలో ఒకటి రెండు చదవగానే చాలామంది పాఠకులు కాసేపు ఆగిపోతారు. పుస్తకం తెరిచాక కూడా ఆ తడబాటు పూర్తిగా పోదు. ‘అందరికీ అర్థమయ్యేలా రాయొచ్చు కదా’ అనే ప్రశ్న అక్కడి నుంచే వస్తోంది. అందరూ అంటే ఎవరని రాసేవాళ్లు తిరిగి అడుగుతున్నారు. ఈ వాదన ప్రతి పుస్తకాల పండక్కీ, ప్రతి అవార్డు ప్రకటనకీ మళ్లీ మొదలవుతోంది. రెండు వైపులా నిజాయితీ ఉంది కాబట్టి, అసలు ఏం మారిందో విడమరిచి చూడడం అవసరం.

‘అందరి భాష’ ఎలా తయారైంది

ఇవాళ పత్రికల్లో, టీవీ వార్తల్లో, పాఠ్యపుస్తకాల్లో కనిపించే తెలుగుకు వయసు ఎక్కువ లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు గ్రాంథికాన్ని ఎదిరించి వాడుకభాష కోసం నిలబడ్డారు. ఇద్దరూ ఉత్తరాంధ్ర మనుషులే. గిడుగు పర్లాకిమిడిలో, గురజాడ విజయనగరంలో పనిచేశారు. అయితే వాళ్లు గెలిపించిన వాడుకభాష అచ్చులో స్థిరపడేసరికి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్న కుటుంబాల మాటకు దగ్గరైంది.

దీనికి కారణం భాషలో లేదు, డబ్బులోనూ బడిలోనూ ఉంది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు వచ్చాక డెల్టాలో వ్యవసాయ మిగులు పెరిగింది. ఆ మిగులు కాలేజీలకు, ప్రెస్సులకు, పత్రికలకు, తర్వాత సినిమాలకు వెళ్లింది. ప్రచురణకర్తలు బెజవాడ, రాజమండ్రి, మద్రాసుల్లో ఉండేవారు. ప్రూఫులు దిద్దేది అక్కడే, కథల పోటీలకు తీర్పు చెప్పేదీ అక్కడే. నిజాం పాలనలోని తెలంగాణలో పాలనాభాష, పై చదువుల భాష ఉర్దూ. తెలుగు వచనానికి అక్కడ బడి నుంచి దొరికిన ఆసరా చాలా తక్కువ. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తేవలసి వచ్చిందంటే, అచ్చు లోకంలో ఆ ప్రాంతం ఎంత కనిపించకుండా ఉండేదో తెలుస్తుంది.

భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా చూశారు. ఉత్తరాంధ్రది తూర్పు మండలం, తెలంగాణది ఉత్తర మండలం, రాయలసీమ, నెల్లూరు, ప్రకాశం వైపుది దక్షిణ మండలం, మిగిలింది మధ్య మండలం. ‘అందరి భాష’గా చలామణి అయింది ఈ చివరిదాని ఒక రూపం. తెలంగాణ రచయితలు ‘రెండున్నర జిల్లాల భాష’ అని ఎత్తిపొడిచింది దాన్నే. ‘మాండలికం’, ‘యాస’ అనే మాటల్ని వాళ్లలో చాలామంది ఒప్పుకోకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఒకదాన్ని భాష అని, మిగతావాటిని యాసలు అని పిలిస్తే పీట ఎవరిదో ముందే తేలిపోతుంది.

కొటేషన్ గుర్తుల లోపల, బయట

ఈ ప్రామాణిక తెలుగు ఏలుతున్న కాలంలోనూ ప్రాంతాల పలుకు కథల్లో వినిపించింది. రావిశాస్త్రి పాత్రలు విశాఖ మాట మాట్లాడాయి. మిగతా ప్రాంతాల కథకులు కూడా రైతుల చేత, కూలీల చేత వాళ్ల మాటే పలికించారు. కానీ అప్పటి కథల్లో ఎక్కువగా కనిపించేది ఒక పద్ధతి. కొటేషన్ గుర్తుల లోపల ఊరి మాట ఉంటుంది, బయట కథకుడి ప్రామాణిక భాష ఉంటుంది.

చూడ్డానికి ఇది చిన్న ఏర్పాటు. కథ మీద దీని ప్రభావం మాత్రం పెద్దది. ‘అన్నాడు’, ‘వెళ్లిపోయాడు’ అని ఒకరకం తెలుగులో చెబుతూ, పాత్ర చేత ఇంకోరకం తెలుగు పలికించినప్పుడు, కథకుడు పాఠకుడి పక్కన నిలబడి పాత్రను చూపిస్తున్నట్టవుతుంది. ఆ చూపులో ఎంతో ప్రేమ ఉండొచ్చు. రావిశాస్త్రిలో ఉంది కూడా. అయినా ఆలోచించే భాష ఒకరిది, మాట్లాడే భాష ఇంకొకరిది అన్న విభజన మిగులుతుంది. పాత్ర తన గురించి తాను చెప్పుకోగలదు, లోకం గురించి చెప్పే అధికారం మాత్రం కథకుడిదే.

మారింది ఈ ఏర్పాటే. పాకాల యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’ కథలతో తెలంగాణ పలుకులోనే కథ నడిపారు. 1980ల తర్వాత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కథలు’, ‘మిట్టూరోడి కథలు’ రాశారు. తిరుపతి పక్క ఊరి పలుకు అక్కడ కథ చెప్పే గొంతు మొత్తాన్ని ఆక్రమించింది. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు జిల్లా కావలి మాటను అలాగే తెచ్చింది.

నామిని, ఖదీర్‌బాబు ఇద్దరి దగ్గరా కథ చెప్పేది చిన్నపిల్లాడు కావడం గమనించాల్సిన విషయం. పిల్లాడికి బడి తెలుగు ఇంకా పట్టుబడలేదు. కాబట్టి వాడు ఇంటి మాటలోనే లోకాన్నంతా చెప్పడం పాఠకుడికి సహజంగా తోస్తుంది, ఎవరూ అభ్యంతరం చెప్పరు. ప్రామాణిక భాష అలవాటైన పాఠకుణ్ణి కొత్త గొంతులోకి తీసుకెళ్లడానికి పిల్లాడి చూపు మంచి తోవ అయింది. ఆ తోవ పడ్డాక పెద్దల కథకూ అదే భాష సరిపోతుందని తేలింది. జూపాక సుభద్ర కథల్లో తెలంగాణ పలుకు కూలి గురించి, కులం గురించి, ఆడవాళ్ల శ్రమ గురించి చెప్పే పెద్దవాళ్ల గొంతు. పిల్లతనం చాటు అక్కడ అవసరం పడలేదు. తెలుగు వచనంలో గత నాలుగు దశాబ్దాల్లో జరిగిన మార్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదేనని చెప్పవచ్చు. దీనికి దక్కాల్సినంత విమర్శ ఇంకా రాలేదు.

రాసేవాళ్లు మారారు

ఈ మార్పు ఎవరో పిలుపు ఇస్తే వచ్చింది కాదు. 1990ల్లో స్త్రీవాద, దళిత, ముస్లిం రచనలు వరసగా వెలువడ్డాయి. స్త్రీవాద కవితల సంకలనం ‘నీలిమేఘాలు’ 1993లో, దళిత కవిత్వం ‘చిక్కనవుతున్న పాట’ 1995లో, ముస్లిం కవిత్వం ‘జల్‌జలా’ 1998లో వచ్చాయి. వీటిలో రాసినవాళ్లలో చాలామంది తమ ఇళ్లలో కలం పట్టిన మొదటి తరం. వాళ్లకు ప్రామాణిక తెలుగు బడిలో నేర్చుకున్న భాష. అమ్మ తిట్టింది, నాయన ఏడ్చింది ఆ భాషలో కాదు. తమ అనుభవాన్ని రాయడానికి కూర్చున్నప్పుడు ఏ భాషలో జరిగింది ఆ భాషలో రాయడమే వాళ్లకు దగ్గరి దారి.

పలుకు ఒక్క ప్రాంతంతోనే తేలదని కూడా ఈ రచనలు చూపించాయి. నల్గొండ వైపు నుంచి స్కైబాబ, కడప జిల్లా నుంచి వేంపల్లె షరీఫ్, కావలి నుంచి ఖదీర్‌బాబు ముగ్గురూ ముస్లిం కుటుంబాల జీవితాన్ని రాశారు. ముగ్గురి కథల్లోనూ ఉర్దూ మాటలున్నాయి. కానీ స్కైబాబ ‘అధూరే’ చదివిన చెవికి షరీఫ్ ‘జుమ్మా’ వేరుగా వినిపిస్తుంది. మతం, ఊరు, కులం, చదువు కలిసి ఒక్కో ఇంటికి ఒక్కో తెలుగును ఇస్తాయి. ‘తెలంగాణ యాస’, ‘సీమ యాస’ అని గంపగుత్తగా చెప్పే మాటలు సినిమా పోస్టరుకు సరిపోతాయేమో గానీ ఈ పుస్తకాలకు సరిపోవు.

తెలంగాణ ఉద్యమం దీనికి రాజకీయ బలం ఇచ్చింది. ఏళ్ల తరబడి సినిమాల్లో తెలంగాణ మాట రౌడీకో, నవ్వించే పాత్రకో దక్కింది. ఆ అవమానం ఉద్యమంలో పెద్ద విషయమైంది. పాట ఊరూరా తిరిగింది. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేశారు. తర్వాత సినిమా కూడా తోవ మార్చుకుంది. ‘జిగిరి’ నవలా రచయిత పెద్దింటి అశోక్ కుమార్ 2019లో ‘మల్లేశం’కు మాటలు రాశారు. 2023లో ‘బలగం’ సినిమాను ఆ భాష రాని జిల్లాల ప్రేక్షకులు కూడా కళ్లు తుడుచుకుంటూ చూశారు. అర్థం కాదన్న అభ్యంతరానికి ఇది గట్టి జవాబే, కాకపోతే సగం జవాబు. తెర మీద ముఖం ఉంటుంది, గొంతు ఉంటుంది. కాగితం మీద ఆ సాయం ఉండదు.

దిద్దే చేయి తగ్గింది

ఎక్కువమంది పట్టించుకోని కారణం ఇంకొకటి ఉంది. వారపత్రికలు బలంగా ఉన్న రోజుల్లో కథ అచ్చు కావాలంటే ఎడిటర్ ఒప్పుకోవాలి, తర్వాత డెస్కు చేతిలో పడాలి. ‘వచ్చిండు’ని ‘వచ్చాడు’ చేయడం అక్కడ దురుద్దేశంతో జరిగేది కాదు. తప్పు దిద్దుతున్నామనే అనుకునేవారు. పోటీకి పంపే రచయిత కూడా బహుమతి కోసం ముందే తన మాటను తానే దిద్దుకునేవాడు. అచ్చయ్యే కథల్లో ఒకే రకం తెలుగు కనిపించడానికి ఈ వడపోత ఒక ముఖ్య కారణం. నామిని లాంటి రచయిత ఎడిటర్ కుర్చీలో కూర్చున్నప్పుడు ఏం మారుతుందో 1990ల్లో వచ్చిన కథలు చెబుతాయి.

ఇప్పుడు ఆ వడపోత చాలావరకు పోయింది. 2020లో కరోనా దెబ్బకు పలు వారపత్రికల ముద్రణ ఆగింది, ఉన్నవాటిలో కథకు చోటు తగ్గింది. అమెరికా నుంచి 1998లో మొదలైన ‘ఈమాట’, తర్వాత వచ్చిన ‘సారంగ’ లాంటి వెబ్ పత్రికలకు పేజీల లెక్క లేదు. ఫేస్‌బుక్‌లో రాసేవాళ్లకు ఎడిటరే లేడు. డీటీపీ, చిన్న సంఖ్యలో ముద్రించే సౌకర్యం వచ్చాక ఐదువందల కాపీలతో సొంతంగా పుస్తకం వేసుకోవడం మామూలైంది. డిసెంబర్‌లో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తకాల పండగల్లో చిన్న ప్రచురణ సంస్థల స్టాళ్ల దగ్గర యువ రచయితల పుస్తకాలు కొనేవాళ్లు కనిపిస్తున్నారు. రచయిత తన మొదటి పాఠకుడిగా దూరపు ఎడిటర్‌ను ఊహించుకోనవసరం లేనప్పుడు, ఊళ్లో తెలిసిన మనిషిని ఊహించుకుంటాడు. భాష దాంతోపాటే మారుతుంది.

నష్టం లేకపోలేదు. దిద్దే చేయి పోయినప్పుడు ఊరి మాటతోపాటు అచ్చుతప్పులు, సాగతీత, ఒకే పేజీలో ఒకే మాటకు మూడు రకాల స్పెల్లింగులు కూడా అలాగే మిగిలిపోతున్నాయి. పలుకును కాపాడుతూనే వాక్యాన్ని బిగించగల ఎడిటర్లు తెలుగులో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. ఇప్పటి రచనలకు అన్నిటికన్నా అవసరమైంది ఆ పని.

తెలుగు కాని భాషలు, తెలుగు గడప బయటి తెలుగు

ఇప్పటి పుస్తకాల్లో అర్థం కాని మాట కనిపించగానే దాన్ని యాస ఖాతాలో వేయడం పొరపాటు. రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’లో వచ్చేది గోర్ బంజారాల జీవితం. వాళ్ల గోర్‌బోలి తెలుగు మాండలికం కాదు, ఉత్తర భారత భాషల కుటుంబానికి చెందిన వేరే భాష. దానికి సొంత లిపి లేదు. తండాలో పుట్టి తెలుగు బడిలో చదువుకున్న రచయిత రెండు భాషల మధ్య నిలబడి రాస్తున్నాడు. పార్వతీపురం వైపు ఆదివాసీ జీవితాన్ని ‘శిలకోల’ కథల్లో చెప్పిన మల్లిపురం జగదీశ్ రచనలనూ ఇదే జాగ్రత్తతో చదవాలి. ఇక్కడ కొత్త మాటలు రుచి కోసం వేసినవి కావు. ఆ వస్తువుకు, ఆ పండక్కి, ఆ పాటకు తెలుగులో పేరు లేదు.

దీనికి ఎదురు కోసలో స.వెం.రమేశ్ ఉన్నారు. పులికాట్ సరస్సు ప్రాంతం మీద రాసిన ‘ప్రళయకావేరి కతలు’, తర్వాత ‘కతలగంప’ సంస్కృతపు మాటల్ని వీలైనంత పక్కనపెట్టిన తెలుగులో నడుస్తాయి. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగువాళ్లు కూడా తమ మాటలో కథలు రాస్తున్నారు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి అవుతూ వచ్చి తెలుగు చదువు కుంచించుకుపోయింది. హైదరాబాద్, విజయవాడ పత్రికల తెలుగు ప్రభావం కూడా అక్కడ తక్కువే. కాబట్టి ఇంటి తెలుగు పాత రూపాలతో మిగిలింది. వాళ్లకు రాయడం అంటే, బడి వదిలేసిన భాషను పిల్లల కోసం ఎక్కడో ఒకచోట దాచిపెట్టడం.

వ్యాసం ఎందుకు మారలేదు

కథలోకి, కవితలోకి వచ్చినంతగా ఈ మార్పు వ్యాసంలోకి రాలేదు. ఊరి మాట మీద వాదించే వ్యాసాలు కూడా ప్రామాణిక తెలుగులోనే ఉంటాయి, ఈ వ్యాసంతో సహా. కథలో గొంతు ఎవరిదో ఒక మనిషిది. వ్యాసం మాత్రం వ్యక్తితో పని లేకుండా అందరికీ వర్తించేలా మాట్లాడాలని పాఠకుడు కోరుకుంటాడు. యూనివర్సిటీ పరిశోధన, పత్రికల ఎడిట్ పేజీ ఆ అలవాటును నిలబెడుతున్నాయి. జ్ఞాపకాలు, ఊరి కబుర్లు రాసే వ్యాసాల్లో మాత్రం కొంత సడలింపు కనిపిస్తోంది.

అందరూ పలుకులోకే వెళ్లిపోతున్నారన్నది కూడా నిజం కాదు. ఓల్గాకు 2015లో అకాడమీ అవార్డు తెచ్చిన ‘విముక్త’ ప్రామాణిక వచనంలోనే ఉంది. సీత, శూర్పణఖ, అహల్య లాంటి పాత్రల్ని ఏ ఒక్క జిల్లాకూ కట్టేయకుండా ఉంచడానికి అక్కడ ఆ భాషే కావాలి. మరో ఉదాహరణ అందెశ్రీ ‘జయ జయహే తెలంగాణ’. 2024లో రాష్ట్ర గీతమైన ఆ పాట ఊరి పలుకులో ఉండదు, సంస్కృత పదాలతో గంభీరంగా సాగుతుంది. బడి గడప తొక్కని కవి, పలుకు కోసం పోరాడిన ప్రాంతం, అయినా ప్రార్థనలాంటి పాటకు ఎంచుకున్నది పెద్ద భాష. ఏ సందర్భానికి ఏ తెలుగు అన్న ఎంపిక తమ చేతిలో ఉండాలన్నదే ఈ ప్రాంతాల కోరిక అని ఇది చెబుతోంది.

పాఠకుడి మీద పడే పని

తెలుగు లిపి పలికినట్టే రాస్తుందని పేరు. ఊరి మాట దగ్గర ఆ పేరు నిలవదు. ‘వచ్చాడు’ అని రాసినదాన్ని చాలామంది ‘ఆ’కూ ‘ఏ’కూ మధ్య అచ్చుతో పలుకుతారు. ఆ అచ్చుకు అక్షరం లేదు. సాగదీతలకు, ఎత్తి పలకడానికి గుర్తులు లేవు. అందుకే విన్నప్పుడు సులువుగా అర్థమైన మాట అచ్చులో కొరుకుడు పడదు. గట్టిగా పైకి చదివితే ఇబ్బంది సగం తగ్గడానికి కారణం ఇదే. ఆడియో కథలు, యూట్యూబ్‌లో కథల చానళ్లు ఈ పుస్తకాలకు మేలు చేసే అవకాశం ఉన్నది కూడా ఇక్కడే.

అన్ని పలుకు కథలూ ఒక్క తూకానివి కావు. క్రియ చివర మార్చి ‘వచ్చిండు’, ‘వచ్చినాడు’ అని రాసినంత మాత్రాన గొంతు మారదు. వాక్యం నడక, తిట్టు, సామెత, దేన్ని ముందు చెప్పి దేన్ని దాచిపెడతారన్న వరస, ఇవన్నీ ఆ మనుషులవై ఉండాలి. కొన్ని కొత్త కథల్లో ఆలోచన మొత్తం నగరపు వ్యాసంలా ఉండి, పైన మాత్రం ఊరి ప్రత్యయాలు అతికించి కనిపిస్తాయి. అవార్డుల జాబితాలు చూసి ఈ ధోరణి పెరిగే ప్రమాదం ఉంది.

అనువాదం దగ్గర ఇబ్బంది ఇంకో రకం. గోగు శ్యామల కథలు 2012లో ఇంగ్లిష్‌లో వచ్చి తెలుగు బయట ఎంతోమంది పాఠకుల్ని సంపాదించాయి. కథ, కోపం, నవ్వు దాటాయి. తెలంగాణ పలుకు మాత్రం దాటలేదు, దాటించే సాధనం ఇంగ్లిష్‌లో లేదు. కాబట్టి ఈ రచనల్లో భాష చేసిన పనిని గుర్తించి, తూచి చెప్పగలిగింది తెలుగు పాఠకులే.

వాళ్లకు కావలసిన పరికరాలు మాత్రం అరకొరగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తి పదకోశం 1962లో వచ్చింది. నలిమెల భాస్కర్ ఒంటిచేత్తో ‘తెలంగాణ పదకోశం’ కూర్చారు. ఈమధ్య చాలామంది రచయితలు పుస్తకం చివర నాలుగైదు పేజీల్లో మాటలకు అర్థాలు ఇస్తున్నారు. ఐదువందల కాపీలు అయిపోగానే ఆ అర్థాలూ వాటితోనే పోతున్నాయి. వాటిని ఒకచోట చేర్చి ఏ మాట ఏ మాండలిక మండలానిదో, ఏ పుస్తకంలో ఎలా వాడారో గుర్తుపెట్టి ఆన్‌లైన్‌లో ఉంచడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. రెండు రాష్ట్రాల తెలుగు శాఖల్లో ఏటా ఇదే సాహిత్యం మీద పరిశోధనలు చేస్తున్న విద్యార్థులు ఉన్నారు. వాళ్లలో ఒక్కొక్కరు ఒక్కో పుస్తకం తీసుకున్నా కొన్నేళ్లలో అలాంటి పదకోశం చేతికొస్తుంది.